టైరు లోతు కొలుస్తున్నారు, వయసు చూడటం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏప్రిల్ దాటితే చాలు, జిల్లా పేజీల్లో ‘టైరు పేలి వాహనం బోల్తా’ అన్న శీర్షిక తరచూ కనిపిస్తుంది. కారణం దగ్గరికి వచ్చేసరికి ఎండ, అతివేగం, గాలి ఎక్కువ కొట్టించడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి రాస్తారు. కొట్టిపారేయదగ్గవి కావు. అయితే గాలి ఎక్కువైన టైరు కంటే తక్కువైన టైరే ఎక్కువ వేడెక్కి పేలుతుందన్న మాట ఎవరూ రాయరు, అది వేరే సంగతి. ఆ టైరు ఏ సంవత్సరంలో తయారైంది, బండికి ఎక్కకముందు ఎక్కడ పడి ఉంది, ఎక్కాక ఎన్ని నెలలు కదలకుండా ఎండలో నిలబడింది అన్న ఆరా మాత్రం ఎక్కడా ఉండదు. మే 15తో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు తీరి, బడులు తెరిచేలోగా బస్సులన్నీ రవాణా శాఖ తనిఖీకి వరస కట్టే రోజులివి. టైర్లు అమ్మడం, రీబటన్ వేయడం (అరిగిన టైరుకు కొత్త రబ్బరు పట్టీ అతికించడం), అరిగిన తీరు చూసి కారణం పట్టుకోవడం మా పని కాబట్టి, ఈ ఒక్క విషయం గురించి వివరంగానే రాస్తున్నాం.

టైరు రబ్బరులో ఉండేవి చాలా పొడవాటి అణువుల గొలుసులు. కార్ఖానాలో గంధకం కలిపి వేడి మీద ఉడికించినప్పుడు ఆ గొలుసుల మధ్య అక్కడక్కడ వంతెనలు పడతాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతి ఇదే. వంతెనలు సరిపడా ఉంటే రబ్బరు సాగి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. మరీ ఎక్కువైతే సాగడం మానేసి బిగుసుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, టైరు కార్ఖానా గేటు దాటాక కూడా ఈ పని పూర్తిగా ఆగదు. లోపల మిగిలిన గంధకం ఒకవైపు, గాలిలోని ఆక్సిజన్ ఇంకోవైపు నెమ్మదిగా కొత్త వంతెనలు వేస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ కొన్నిచోట్ల గొలుసులనే తెంపుతుంది కూడా. మెత్తదనం కోసం కలిపిన నూనెలు కొద్దికొద్దిగా బయటికి పోతాయి. పాత కాగితాల కట్టకు వేసి మరిచిపోయిన రబ్బరు బ్యాండును ఏళ్ల తర్వాత లాగితే టప్పున తెగుతుంది చూడండి, టైరుకు జరిగేదీ అదే. కాకపోతే టైరు మందం, అందులో కలిపిన మందులు దాన్ని చాలా ఆలస్యం చేస్తాయి.

ఆ ఆలస్యాన్ని చెడగొట్టేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. ఆ లెక్కన 25 డిగ్రీల గదిలో నాలుగు నెలలకు జరిగే మార్పు 45 డిగ్రీల షెడ్డులో ఒక్క నెలకే జరిగిపోతుంది. రబ్బరు సరుకు నిల్వకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌వో 2230 చెప్పేది 25 డిగ్రీల లోపు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో పై అరలో ఉన్న టైరు దగ్గర థర్మామీటరు పెట్టి చూస్తే, ఆ ప్రమాణానికీ మనకూ ఎంత దూరమో తెలుస్తుంది. బయట 44 ఉంటే రేకు కింద రెండు మూడు అడుగుల మేర 50 దాటడం మామూలే. ఒకే రోజు లారీలోంచి దించిన రెండు టైర్లలో నేల మీద ఉన్నదానికీ అటక మీద ఉన్నదానికీ రెండు వేసవులు గడిచేసరికి తేడా రబ్బరు గట్టిదనం కొలిచే మీటరులో కనిపిస్తుంది.

ఆ మీటరు గురించి కొంచెం చెప్పాలి. షోర్ ఏ మీటరు అని చేతిలో ఇమిడే పరికరం కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. సున్నా నుంచి వంద వరకు అంకెలు, కింద మొద్దు మొన. రబ్బరు మీద నొక్కితే మొన లోపలికి దిగినకొద్దీ అంకె తగ్గుతుంది. మొన పొడవు మొత్తం రెండున్నర మిల్లీమీటర్లు. కారు టైరు ట్రెడ్ (రోడ్డును తాకే, గాడులున్న పై భాగం) కొత్తలో సాధారణంగా 60 నుంచి 70 మధ్య చూపిస్తుంది. ఈ మధ్య కొన్ని సర్వీసు సెంటర్లు దీన్ని కొని, చేతికి దొరికిన చోటల్లా నొక్కి, ‘మీ టైరు గట్టిబడింది, మార్చాలి’ అని చెప్పేస్తున్నాయి. వాడటం తెలియకపోతే అది అబద్ధమే చెబుతుంది.

మొదటిది, మందం. మొన కింద కనీసం 6 మిల్లీమీటర్ల రబ్బరు ఉంటేనే ఆ అంకెను నమ్మాలి. ట్రెడ్ సగానికి పైగా అరిగిన కారు టైరు మీద నొక్కితే కింద ఉన్న వేరే రకం రబ్బరు, ఉక్కు బెల్టు (ఉక్కు తీగల పొర) కలిసి అంకెను పైకి నెడతాయి. అరిగిన టైరు గట్టిబడినట్టు కనిపించడంలో కొంత భాగం ఈ భ్రమే. రెండోది, అంచు. బటన్ (ట్రెడ్‌లో గాడుల మధ్య లేచి ఉండే రబ్బరు దిమ్మ) అంచుకు దగ్గరగా నొక్కితే రబ్బరు పక్కకు జరిగి అంకె తక్కువ వస్తుంది. మొన చుట్టూ 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలంటుంది ప్రమాణం. కారు టైరులో అంత వెడల్పు బటన్ దొరకడం కష్టం గనక నడిమి పట్టీలో బాగా వెడల్పున్న చోటు ఎంచుకోవాలి. అందుకే అదే కంపెనీ, అదే మోడల్ కొత్త టైరు మీద అలాంటి చోటే నొక్కి, రెండు అంకెలనూ పోల్చాలి. పుస్తకంలో అంకెతో పోలిస్తే తప్పుదారి పడతాం. మూడోది, వేడి. ఈ పరీక్షకు ప్రామాణిక ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. మధ్యాహ్నం రోడ్డు మీంచి వచ్చిన టైరు మెత్తగా ఉంటుంది, అంకె తక్కువ చూపిస్తుంది, గట్టిబడ్డ టైరు కూడా పరీక్ష గట్టెక్కేస్తుంది. తెల్లవారుజామున, బండి రాత్రంతా నీడలో నిలబడ్డాక చూడాలి. మొన నొక్కిన వెంటనే వచ్చిన అంకె ఒకటి, మూడు సెకన్లకు నిలిచిన అంకె ఇంకొకటి. మూడు సెకన్లది రాసుకోవాలి. టైరు చుట్టూ ఐదు చోట్ల చూసి, ఐదింటిలో మధ్యలో ఉన్న అంకెను తీసుకుంటే చాలు.

కొత్తదానితో పోలిస్తే నాలుగైదు పాయింట్ల తేడాకు కంగారు అక్కర్లేదు. పది దాటితే వాన రోడ్డు మీద ఆ టైరును నమ్మడానికి లేదని మా అభిప్రాయం. మధ్యలో ఉన్నవాటికి ఒక చిన్న పరీక్ష ఉంది. బటన్ మీద ఒక రూపాయి బిళ్లంత మేర బఫింగ్ రాయితో అర మిల్లీమీటరు మేర గీరి, చల్లారనిచ్చి మళ్లీ నొక్కాలి. పైన 76 చూపించి, గీరాక 67 చూపిస్తే గట్టిబడింది పై పొర ఒక్కటే. ఆక్సిజన్ ముందు తినేది పై పొరనే. అలాంటి టైరు కొంతకాలం నెమ్మదిగా తిరిగితే ఆ పొర అరిగిపోయి దారికి వస్తుంది. గీరాక కూడా 75 దగ్గరే ఉంటే లోపలి దాకా పాకినట్టు. ఇక దానికి వైద్యం లేదు.

ఇక్కడ డ్రైవర్లందరూ అడిగే మాట ఒకటుంది: ‘గట్టిబడితే తక్కువ అరుగుతుంది కదా, మనకే లాభం కదా?’ సగం నిజం. నున్నటి హైవే మీద, తేలికపాటి బరువుతో, గట్టిబడ్డ ట్రెడ్ కొంతకాలం నిజంగానే తక్కువ అరుగుతుంది. లోతు చూసే గేజీ మూడేళ్లుగా 4 మిల్లీమీటర్లే చూపిస్తుంటే యజమాని ‘బంగారం లాంటి టైరు’ అనుకుంటాడు. రోడ్డులోని సన్నటి ఎగుడుదిగుళ్లలోకి రబ్బరు దిగి అతుక్కుంటేనే పట్టు. గట్టిబడ్డ రబ్బరు ఆ ఎగుడుల కొనలను మాత్రమే తాకుతూ పోతుంది. పొడి రోడ్డు మీద అంతగా తెలియదు గానీ, తొలకరి వానకు దుమ్ము, నూనె కలిసి రోడ్డు జిడ్డు తేలిన రోజు బ్రేకు వేస్తే తెలుస్తుంది. మన దగ్గర ఆ తొలకరీ, బడులు తెరవడమూ ఒకే నెలలో వస్తాయి.

అరుగుదల తగ్గిందన్న సంతోషం కూడా ఎక్కువ కాలం నిలవదు. ఆరోగ్యంగా ఉన్న ట్రెడ్ సన్నటి పొడిగా, సమంగా అరుగుతుంది. సాగే గుణం పోయిన ట్రెడ్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. కంకర రోడ్డు, క్వారీ, ఇసుక రేవు దారుల్లో తిరిగే టిప్పర్ల వెనక టైర్లు చూడండి, బటన్ల మూలలు కొరికేసినట్టు ఉంటాయి. రబ్బరు మెత్తగా ఉంటే రాయి గుచ్చుకున్నప్పుడు లొంగి మళ్లీ లేస్తుంది. బిగుసుకున్న రబ్బరు లొంగదు, చిట్లుతుంది. ఆ చిట్లు గాడి అడుగున పగులుగా పాకి బెల్టు దాకా వెళితే నీళ్లు దిగి ఉక్కు తీగ తుప్పు పడుతుంది. అలాంటి కేసింగును (ట్రెడ్ అరిగాక మిగిలిన టైరును) రీబటన్‌కు తెస్తే, 100 డిగ్రీలు దాటిన ఛాంబర్‌లో లోపలి తేమ ఆవిరై పొరల మధ్య ఉబ్బు వస్తుంది. ‘రీబటన్ సరిగా వేయలేదు’ అన్న నింద మాత్రం వేసినవాడికి.

టైరు పక్క గోడల మీద కనిపించే సన్నటి బీటలది ఇంకో కథ. దానికి కారణం ఆక్సిజన్ కంటే ఓజోన్. గాలిలో అది పది కోట్ల పాళ్లకు కొద్ది పాళ్లే అయినా సాగదీసి ఉన్న రబ్బరు గొలుసును అది తెంపేస్తుంది. సాగి ఉన్న చోటే అన్నది ముఖ్యం. ఒత్తిడి లేకుండా నిలబెట్టిన టైరుకు ఓజోన్ బీటలు దాదాపు రావు. వంగి, ఉబ్బి ఉన్న చోట, సాగిన దిశకు అడ్డంగా బీట పడుతుంది. గుట్టలో అడుగున నలిగిన టైరుకు, గాలి తగ్గి కూర్చుండిపోయిన బండి టైరుకు ముందుగా బీటలు రావడానికి కారణం ఇదే. వెల్డింగ్ ఆర్క్, మోటారు బ్రష్షుల దగ్గర రేగే నిప్పురవ్వలు, మెర్క్యురీ దీపాలు ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఒకే షెడ్డులో ఒక మూల వెల్డింగ్, ఇంకో మూల కంప్రెసరు, మధ్యలో టైర్ల నిల్వ... మన ఆటోనగర్లలో సగం షాపుల ఏర్పాటు ఇదే. కనీసం మధ్యలో ఒక గోడ ఉండాలి.

ఓజోన్‌ను ఆపడానికే కంపెనీలు రబ్బరులో మైనం, 6పీపీడీ అనే మందు కలుపుతాయి. ఇవి నెమ్మదిగా పైకి వచ్చి పొరలా నిలుస్తాయి. మైనం పొర టైరు కదలనంత కాలం కాపాడుతుంది, తిరగడం మొదలైతే పగిలిపోతుంది. అప్పుడు 6పీపీడీ పని మొదలవుతుంది. ఆ మందు గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. గోధుమరంగు తేలిన టైరును కొనేవాళ్లు ‘పాత సరుకు’ అని వద్దంటారు. షాపువాళ్లేమో కిరోసిన్ గుడ్డతోనో, పెట్రోలియం కలిసిన పాలిష్‌తోనో తుడిచి నల్లగా మెరిపించి పెడతారు. పొర మీద పొర తుడిచేస్తే లోపలి మందు ఖర్చవుతూ పోతుంది. మెరుపు కోసం టైరు మందును టైరుకే లేకుండా చేస్తున్నారన్నమాట. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. గోధుమరంగు దోషం కాదని కొనేవాళ్లకు చెబితే ఈ బెడద సగం తగ్గుతుంది.

ఇక నిల్వ సంగతి. 25 డిగ్రీల గోడౌన్ మన దగ్గర అందరికీ అయ్యే పని కాదు. చేయగలిగిందేమిటంటే, రేకు పైన తెల్ల సున్నమో కూల్ రూఫ్ పూతో వేసి, కింద ఫాల్స్ సీలింగో గడ్డి తడికో కట్టి, ఆ రెంటి మధ్య వేడి గాలి బయటికి పోయే దారి ఉంచడం. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వల్ల ఆ పూతల గురించి ఇప్పుడు మేస్త్రీలకు బాగానే తెలుసు. అటక మీద కొత్త సరుకు పెట్టకూడదు. రేకుకూ పై టైరుకూ మధ్య నాలుగైదు అడుగుల ఖాళీ వదలాలి. పగలంతా తలుపులు బార్లా తెరిచి ‘గాలి ఆడాలి’ అనుకోవడం పొరపాటు. ఎండ, వేడిగాలి, వాటితో ఓజోన్ లోపలికి వస్తాయి. పగలు మూసి, రాత్రి తెరవడం మేలు. కిటికీ అద్దాలకు ఎర్ర రంగో నారింజ రంగో పూయాలి, లేదా నల్లటి పట్టా కట్టాలి. టైర్ల మీద కప్పే పాలిథిన్ కూడా నల్లదే వాడాలి. తెల్లటి, పారదర్శకమైన షీటు వేస్తే లోపల వేడి, చెమ్మ రెండూ చిక్కుకుంటాయి. కోస్తాలో చెమ్మ బాధ మరీ ఎక్కువ కాబట్టి నేల మీద నేరుగా పెట్టక చెక్క ప్యాలెట్ల మీద పెట్టాలి. డీజిల్, గ్రీజు, ఇంజన్ ఆయిల్ డ్రమ్ములు ఆ గదిలోనే ఉండకూడదు. నూనె తగిలిన చోట రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మీటరు మీద ఆ మెత్తదనం చూసి ‘ఈ టైరు బాగుంది’ అనుకునే ప్రమాదం కూడా ఉంది.

రిమ్ము లేని టైర్లను ర్యాకులో నిలువుగా, ఒకదానికొకటి ఒరగకుండా పెట్టాలి. నెలకోసారి పావు వంతు తిప్పాలి. చోటు లేక పడుకోబెడితే కారు టైర్లు నాలుగుకు మించకూడదు, నెలకోసారి కిందివి పైకి మార్చాలి. పది పన్నెండు పేర్చిన గుట్టలో అడుగు టైరు బీడు (రిమ్మును పట్టి ఉండే లోపలి అంచు) దగ్గరికి నొక్కుకుపోతుంది. తర్వాత ట్యూబ్‌లెస్ రిమ్ముకు ఎక్కించేటప్పుడు బీడు రిమ్మును పట్టక గాలి నిలవదు. ఏదో తంటాలు పడి ఎక్కించినా గుండ్రం కుదరక, వీల్ బ్యాలెన్సింగ్‌లో సీసం ముక్కలు ఎన్ని కొట్టినా వణుకు పోదు. ఆ వణుకు ట్రెడ్‌ను ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తింటుంది. రవాణాలో చోటు కలిసొస్తుందని ఒకదానిలో ఒకటి దూర్చి అల్లినట్టు పేర్చిన టైర్లను దించిన రోజే విడదీయాలి. రిమ్ముతో సహా ఉన్న టైర్లయితే గాలి ఉంచి, పడుకోబెట్టడమో వేలాడదీయడమో చేయవచ్చు. రిమ్ము లేనివాటిని మాత్రం వేలాడదీయకూడదు. పంక్చర్ షాపుల్లో మేకుకు తగిలించిన ట్యూబులు ఎన్నిసార్లు చూసుంటాం! ఆ మేకు దగ్గర పడే మడతే తర్వాత చీలుతుంది. ట్యూబుకు టాల్కం పొడి చల్లి, కొద్దిగా గాలి పెట్టి టైరులోపలే ఉంచడం మంచిది.

బయట వానలో పడేసిన టైర్లలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయని మున్సిపాలిటీ వాళ్లు జరిమానా వేస్తారు. వాళ్లు డెంగీ కోసం చెప్పేదే టైరు కోసం కూడా వినాలి.

షాపు నిల్వ కంటే ప్రమాదం, బండికి ఎక్కించి కదలకుండా నిలిపినప్పుడు. విడిగా ఉన్న టైరుకు రెండువైపులా మామూలు గాలే. బండి టైరులో గాలి ఒత్తిడితో ఉంటుంది కాబట్టి, ఆక్సిజన్‌ను అది లోపలి పొరలోంచి బెల్టుల మధ్య రబ్బరులోకి తోస్తూ ఉంటుంది. బెల్టు అంచుల దగ్గర రబ్బరు పట్టు విడిచేది ఇలాగే, పైకి ఏ బీటా కనిపించకుండానే. అందుకే ఒక్క కిలోమీటరు తిరగని స్టెప్నీ కూడా కొత్తది కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎండలు మండే ఫీనిక్స్ నగరంలో తిరిగిన బండ్ల టైర్లు సేకరించి పరీక్షించినప్పుడు, బండిలోనే ఉండిపోయిన స్టెప్నీలు కూడా క్షీణిస్తున్నట్టు గుర్తించింది. అదే సంస్థ 2007లో ఆ దేశ చట్టసభకు ఇచ్చిన నివేదికలో ఒక బీమా కంపెనీ లెక్క ఉంది. పాలసీదారుల్లో టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా వాళ్లు 27 శాతమే, టైర్ల క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడివే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లు. మన ఎండలు వాళ్లకేం తీసిపోవు.

వేసవి సెలవుల్లో ఆరేడు వారాలు నిలబడే స్కూలు బస్సు, రెండు కోతల మధ్య నెలల తరబడి కళ్లం పక్కన ఎండే వరికోత మెషీను, పిల్లలు విదేశాల్లో ఉంటే అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఉండే కారు, వీటి జబ్బు ఒకటే. బరువంతా ఒక్క చోటే నిలిచి ఆ భాగం చదునవుతుంది. నైలాన్ దారాల టైర్లలో ఇది ఎక్కువ. రెండు మూడు రోజుల చదును కొన్ని కిలోమీటర్లు తిరిగితే పోతుంది. నెలల చదును పోకుండా ఉండిపోవచ్చు. అలా ఉండిపోతే తిరిగిన ప్రతి చుట్టులోనూ ఆ ముక్కే నేలకు కొట్టుకుని మచ్చలా అరుగుతుంది. నెలకు పైబడి ఆపేటట్టయితే యాక్సిల్ కింద చెక్క దిమ్మలు పెట్టి టైరు మీద బరువు తీసేయడం అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే కంపెనీ చెప్పినంత గాలి తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు కొట్టించి, పది పదిహేను రోజులకోసారి బండిని రెండడుగులు ముందుకో వెనక్కో జరపాలి. నెలకు ఒకటి రెండు పీఎస్ఐ దానంతటదే తగ్గుతుందని మరవకూడదు. ఎండ పడే వైపు టైర్లకు పాత గోనె పట్టాలు కట్టినా చాలు. బయటికి తీసే రోజు ముందు గాలి చూసి, పక్క గోడలు రెండువైపులా చూసి, మొదటి పదిహేను కిలోమీటర్లు ఖాళీగా, నెమ్మదిగా నడపాలి. అప్పటికీ స్టీరింగు వణుకు పోకపోతే ఆ టైరుతో పిల్లలను ఎక్కించుకోకూడదు.

బస్సుల్లో ఇంకో అలవాటుంది. తనిఖీకి కనిపించే ముందు టైర్లు కొత్తవి వేస్తారు, బాగా పాతవి వెనక జంటలో లోపలి వైపుకు పోతాయి. అక్కడ గాలి చూసేవాడూ ఉండడు, బీట చూసేవాడూ ఉండడు. జంటలో ఒకటి అరిగి గట్టిబడి, ఇంకొకటి కొత్తదైతే రెండింటి చుట్టుకొలతా కలవదు. చిన్నది రోడ్డుకు రాసుకుంటూ పోయి త్వరగా అరుగుతుంది, పెద్దది బరువంతా మోసి వేడెక్కుతుంది.

వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 2000కు ముందు టైర్లకు మూడే అంకెలు. చాలా టైర్లకు ఈ అంకెలు ఒకవైపే ఉంటాయి, అది లోపలి వైపుకు పోయి ఉంటే బండి కింద దూరి టార్చి వేసి చూడాలి. ఫోను కెమెరా లోపలికి చాపి ఫొటో తీస్తే పని తేలిక. కొత్త టైరు కొనేటప్పుడు బిల్లు మీద ఈ నాలుగు అంకెలు రాయించుకోవాలి. చల్లటి, చీకటి గదిలో ఏడాదో ఏడాదిన్నరో ఉన్న టైరుకు వంక పెట్టనక్కర్లేదు. అదే ఏడాదిన్నర షాపు ముందు ఎండలో దండలా కట్టి ప్రదర్శనకు పెట్టిన టైరును సగం ధరకిచ్చినా తీసుకోకూడదు. తారీకు కంటే ఎక్కడుందన్నదే ముఖ్యం, కాకపోతే తారీకు ఒక్కటే టైరు మీద రాసి ఉంటుంది.

చట్టం చూసేది లోతు. కార్లు, బస్సులు, లారీలకు 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉంటే సరిపోతుంది. 2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని సర్రేలో ఒక కోచ్ ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు. ట్రెడ్ మాత్రం చట్టానికి సరిపడా ఉంది, నేరం మోపడానికి అప్పటి చట్టంలో వయసు మాటే లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పోరాటం జరిగాకే, 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు నిషేధించారు. మన ఎండకు పదేళ్లు చాలా ఎక్కువ. పిల్లలను మోసే బస్సులకు ముందు చక్రాల మీద ఆరేళ్లు, వెనక ఎనిమిదేళ్లు హద్దు పెట్టాలన్నది మా సూచన. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఈ ఏడాది ఫిట్‌నెస్ కాగితంలో టైర్ల వరుస పక్కన స్టెప్నీతో సహా ఏడు టైర్లకు ఏడు గడులు గీసి, ఒక్కోదాని తయారీ అంకెలు రాయమంటే చాలు. ఇన్‌స్పెక్టరుకు బస్సుకు ఐదు నిమిషాల పని. లోపలి టైరు అంకెలు రాయాలంటే దాన్ని చూడక తప్పదు, చూస్తే బీటలు కనపడక తప్పవు.

ఖర్చు మాట వస్తుంది, తెలుసు. ఏడు టైర్లూ ఒకేసారి మార్చాల్సిన పని లేదు, ముందు రెండింటితో మొదలుపెట్టవచ్చు. తీసేసిన టైరును ఏం చేస్తున్నారన్నది మాత్రం యజమాని బాధ్యతే. నున్నబడ్డ టైరుకు వేడి కత్తితో గాడులు కోసి, నల్ల రంగు పూసి సెకండ్ హ్యాండుగా అమ్మే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మళ్లీ గాడులు కోయడానికి తగ్గ రబ్బరు అడుగున ఉంచి, ఆ మాట పక్క గోడ మీదే ముద్రించిన కొన్ని లారీ టైర్లకు తప్ప ఆ పని చేయకూడదు. కారు టైరుకు అసలే కూడదు. కాబట్టి పనికిరాదని తేలిన టైరును పాత సామాన్ల వాడికి ఇచ్చేముందు పక్క గోడకు రెండుచోట్ల జానెడు కోత పెట్టి ఇవ్వండి.

ఇట్లు,
టైర్ల అమ్మకం, రీబటన్ పనివాళ్లం,
ఆటోనగర్, విజయవాడ.